మీదుగా పోవువారము

(ధ్యానమునకు: లూకా 10:25–37, లూకా 16:19–31, 1 రాజులు 21)



గడచిన మాసములో మేము కొందరము ఒక యువకుని శంషాబాదు విమానాశ్రయమునకు సాగనంపి వచ్చితిమి. అతడు పని నిమిత్తము దుబాయి పోవుచుండెను. అతని తాతగారు కూడ మాతో వచ్చిరి. ఆయనది సిద్దిపేట జిల్లా కొండపాక మండలములోని ఎర్రవల్లి. అదే జిల్లాలో మర్కూకు మండలమున మరియొక ఎర్రవల్లి కలదు. ఆ పేరు పత్రికలలో తరచుగా వినబడును. మేము చెప్పునది దానిని గూర్చి కాదు. ఈ పెద్దాయన పుట్టి పెరిగిన ఎర్రవల్లి నేడు మల్లన్నసాగర్ జలాశయము అడుగున ఉన్నది. ఆయన ఇప్పుడు గజ్వేలు ప్రక్కన, ముంపు గ్రామములవారికి కట్టిన కాలనీలో నివసించుచున్నారు.

మనుమని పంపివేసిన పిమ్మట నేరుగా ఇంటికి మరలియుందుము. కాని పెద్దాయనకు ఒక కంట చూపు మందగించినది. వచ్చినవారము వచ్చితిమి గదా, మెహదీపట్నములోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో చూపించి పోదమని తలంచితిమి. కనుక ఆరాంఘర్ కూడలివద్ద మా మోటారు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినది.

ఈ దారిని ఎరుగనివారికొరకు రెండు మాటలు చెప్పవలెను. ఇది నేలమీది దారి కాదు. స్తంభములమీద నిలిపిన దారి. పొడవు 11.6 కిలోమీటర్లు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము పనిచేయ నారంభించెను. నగరమునుండి అక్కడికి త్వరగా చేరుటకై ఈ వంతెనదారి కట్టబడి, 2009 అక్టోబరు 19న తెరువబడెను. తెలుగువాడై దేశమునకు ప్రధానమంత్రిగా నుండిన పి.వి. నరసింహారావుగారి పేరు దీనికి పెట్టిరి. దీనిమీద కూడళ్లు లేవు, ఎఱ్ఱదీపములు లేవు. ద్విచక్ర వాహనములకును ఆటోలకును ప్రవేశము లేదు. శివరాంపల్లి, ఉప్పర్‌పల్లి, హైదర్‌గూడ, అత్తాపూరు అను పేటలు దీని క్రింద ఉన్నవి. అత్తాపూరు దాటగానే మూసీనది. నది దాటిన కొంతసేపటికే మెహదీపట్నము. దారి దిగుచోటనే కంటి ఆసుపత్రి.

మోటారు పైకెక్కగానే మాకందరకు మిక్కిలి ఉల్లాసము కలిగెను. క్రిందనైతే ముప్పావు గంట పట్టు దూరము పైన పది పదిహేను నిమిషములలో ముగియును. ఇరుప్రక్కల మేడల పైయంతస్తులు, నీళ్ల ట్యాంకులు, దండెములమీద ఆరవేసిన బట్టలు గిరగిర వెనుకకు పోవుచుండెను. ఎంత సుఖమైన దారియని మేము మెచ్చుకొనుచుండగా పెద్దాయన కిటికీలోనుండి క్రిందికి చూచి ఇట్లడిగిరి:

“కింద ఎవరుంటరు బిడ్డా?”

“అది అత్తాపూర్ పెద్దయ్యా. బస్తీ” అంటిమి.

“బస్తీ అయితె మనుషులుంటరు గద. నెత్తిమీదికెళ్లి ఇన్ని మోటార్లు పోతుంటె వాళ్లకెట్లుంటదో!”

మాలో ఎవరమును ఉత్తరము చెప్పలేదు. ఈ దారిన మేము ఇరువది ముప్పది సారులైనను ప్రయాణము చేసియుందుము. ఆ ప్రశ్న మాకెన్నడును తోచలేదు. కొంత తడవైన తరువాత ఆయనే మరల అనిరి: “మా ఊరి మీద ఇప్పుడు నీళ్లున్నయి. ఆ నీళ్ల మీద ఎవడన్న పడవల పోతె, కింద ఎర్రవల్లి ఉండెనని వానికి ఎర్కుంటదా?”

ఆయన కోపముతో అనలేదు. ఎవరిని నిందించుచును అనలేదు. అయినను ఆ మాట నాటినుండి మమ్మును విడువకున్నది. ఇతరుల బ్రదుకులమీదుగా పోవుచు, వారిని చూడకుండ పోవువాడు దోషియగునా, కాడా? ఈ మాసము మన ధ్యానము దీనిని గూర్చియే.

మొదట ఒక సంగతి తేటపరచవలెను. వంతెనదారి కట్టుట పాపమని మేము చెప్పుటలేదు. ఆ దారిన రోగులను తీసికొనిపోవు బండ్లును పోవును. గల్ఫునకు పోవు పేదవాని బిడ్డయు పోవును. నగరము పెరిగినప్పుడు దారులు కావలెను. అట్లే జలాశయమును కట్టుట కూడ దానియంతట అది పాపము కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన బెట్టుకొనెను. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించి, ఆయన సలహామీద 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును నిర్మించిరి. నగరము వాటివలన ప్రాణము నిలుపుకొనెను, దప్పియు తీర్చుకొనెను. వాటి అడుగున ఎవరి చేలుండెనో నేడు చెప్పగలవారు అరుదు. మేలు కలిగినది నిజము, మరచిపోవుటయు నిజము. ఈ రెండవదానిని గూర్చియే మన విచారణ.

యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవు దారిలో దొంగల చేతికి చిక్కిన మనుష్యుని కథ మనమెల్లరము ఎరిగినదే. అందొక చిన్న వివరము గమనింపదగును. ఆ దారిన ముగ్గురు వచ్చిరి: యాజకుడు, లేవీయుడు, సమరయుడు. ముగ్గురును అతనిని చూచిరని లేఖనము చెప్పుచున్నది. ముగ్గురును ఒకే నేలమీద, ఒకే ఎత్తున నడచిరి. యాజకుడు ప్రక్కగా పోయెను. అనగా ప్రక్కకు తొలగవలసిన శ్రమయైనను అతనికి కలిగెను. తొలగినవాడు తాను దేనినుండి తొలగితినో ఎరుగును. ఆ ఎరుక అతని మనస్సాక్షిని ఏదో ఒకనాడు పొడిచి లేపవచ్చును.

మన కాలములో ఆ పాటి శ్రమయు లేదు. దారియే మనలను ప్రక్కకు తొలగించును, అంతేకాదు, పైకెత్తును. దెబ్బలు తిన్నవాడు స్తంభము మొదట పడియున్నను వంతెనమీద పోవువానికి కనబడడు. యాజకుడు చేయవలసివచ్చిన పనిని మనకు బదులుగా దారియే చేసిపెట్టుచున్నది. అటువంటప్పుడు మన తప్పేమి?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. చూడనివానిని చూచినవానితో సమానముగా శిక్షించుట న్యాయము కాదు. వంతెనదారి నడుమ మోటారు నిలుపుట నిషేధము. నిలిపినయెడల వెనుకనుండి వచ్చువారికి ప్రాణాపాయము. చేయజాలనిదానిని చేయలేదని ఎవరినైనను తప్పుపట్టుట ధర్మము కాదు. తెలిసికొను అవకాశము, చేయు శక్తి, ఈ రెండును లేనిచోట దోషమును లేదు. ఇంతవరకు మేమును ఒప్పుకొందుము.

అయితే తెలియకపోవుట రెండు విధములు. తెలిసికొనుటకు వీలులేక తెలియకపోవుట ఒకటి. తెలియకుండుటయే సుఖముగా నున్నది గనుక తెలిసికొనకుండుట రెండవది. లూకా 16వ అధ్యాయములోని ధనవంతుని చూడుడి. అతడు లాజరును కొట్టెనని గాని, తరిమెనని గాని, తిట్టెనని గాని ఎక్కడను వ్రాయబడలేదు. లాజరు అతని వాకిట పడియుండెను. అతడు ప్రతిదినము తన సుఖమున తానుండెను. అంతియే. మరణానంతరము వారి నడుమ మహా అగాధము కనబడినది. ఆ అగాధమును ఎవరు త్రవ్విరి? ధనవంతుడు వాకిలి దాటి వచ్చినప్పుడెల్ల, పోయినప్పుడెల్ల కొంచెము కొంచెముగా త్రవ్వెనని మాకు తోచుచున్నది. ఒక దినమున చూడకపోవుట పరాకు. ఇరువది ఏండ్లు చూడకపోవుట పరాకు కాదు, అలవాటు. అలవాటునకు మనము లెక్క అప్పగింపవలసినవారమే.

ఒకసారి పోయినప్పుడు క్రిందివారిని ఎరుగకపోతిమి. అది తప్పు కాకపోవచ్చును. ముప్పదిసారులు పోయియు “కింద ఎవరుంటరు” అని మేము అడుగలేదు. దీనిని గూర్చి మేమెవరిమీదను నెపము పెట్టలేము.

ఇక ఎర్రవల్లి మాట. మల్లన్నసాగరు కాళేశ్వరము ఎత్తిపోతల పథకములోనిది. అచట పెద్ద నది ఏదియు లేదు. గోదావరి నీటిని మోటారులతో ఎత్తి తెచ్చి నిలుపుదురు. 50 టి.ఎం.సి.ల నీరు పట్టునట్లు దానిని కట్టిరి. వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపూరు, లక్ష్మాపూరు, రాంపూరు, బ్రాహ్మణ బంజేరుపల్లి, సింగారము, ఎర్రవల్లి అను ఎనిమిది పంచాయతీల ఊళ్లు అందు మునిగినవి. 2016 జూలైలో ముంపువారు తమ గోడు చెప్పుకొనుటకు రాజీవ్ రహదారిమీదికి రాబోగా పోలీసు లాఠీలు లేచినవి. 2021లో ఊళ్లు ఖాళీ అయి, ఆ సంవత్సరము ఆగస్టులోనే నీరు ప్రవేశించెను. 2022 ఫిబ్రవరి 23న జలాశయము ప్రారంభోత్సవము జరిగెను.

దీనిని సమర్థించువారు ఒక లెక్క చెప్పుదురు. ఎనిమిది ఊళ్లు పోయినను అనేక మండలముల బీళ్లు పచ్చబడును గదా యని. ఈ లెక్కను మేము ఎగతాళి చేయము. ఎండిన బోరు చూచి ఉరిపోసికొన్న రైతులున్న ప్రాంతమిది. నీటి విలువ ఇక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే లెక్కలు తప్పవచ్చును. అదే పథకములోని మేడిగడ్డ బ్యారేజి స్తంభములు కొన్ని 2023 అక్టోబరులో కుంగినవి. ఎంత మేలు కలిగినను లెక్కలో ఒక వరుస మిగులును: ఈ మేలునకు మూల్యము చెల్లించినదెవరు? పొందినవాడు ఆ వరుసను కొట్టివేసి పుస్తకము మూయరాదు.

నాబోతు ద్రాక్షతోటను గూర్చి మనము ప్రసంగించునప్పుడు సాధారణముగా యెజెబెలు క్రూరత్వమును మాత్రమే చెప్పుదుము. కాని అహాబు మొదట అడిగినది న్యాయమైన బేరమే. దీనికి మారుగా ఇంతకంటె మంచి తోట నిచ్చెదను, లేదా తగిన వెల నిచ్చెదను అనెను. నాబోతు వెల చాలదనలేదు. ఇది నా పితరుల స్వాస్థ్యము, అమ్మజాలననెను. భూమికి వెల కట్టవచ్చును. కాని తన తాత నాటిన చింతచెట్టు, తల్లిని పూడ్చిన చోటు, పండుగనాడు ఎవరింటికి ఎవరు మొదట పోవలెనను వాడుక, వీటికి వెలగట్టు అధికారి ఎవడును లేడు. నిజమే, అహాబు కోరినది తన కూరతోటకు. ప్రభుత్వములు కోరునది పదిమంది పంటకు. ఈ రెండును ఒకటి కావు. అయినను వెల చెల్లించితిమి గనుక మన ఋణము తీరెనని తలంచుట మాత్రము రెండుచోట్లను ఒకే పొరపాటు.

ఆ ఋణము ఎవరిదో చూడుడి. 2025 సెప్టెంబరు 8న గండిపేటవద్ద ఒక పథకమునకు శంకుస్థాపన జరిగెను. దాని ప్రకారము మల్లన్నసాగరునుండి 20 టి.ఎం.సి.ల గోదావరి జలమును హైదరాబాదునకు తేవలెను. అందులో అధికభాగము త్రాగుటకు; 2.5 టి.ఎం.సి.లు జంట జలాశయములను నింపి మూసీకి జీవము పోయుటకు. అనగా ఆ పని నెరవేరిననాడు, ఎర్రవల్లి ఇండ్లమీద నిలిచిన నీరే ఆ వంతెనదారి క్రింద మూసీలో పారును. పైనుండి పోవువాడు ఒకే క్షణమున అత్తాపూరుమీదుగాను ఎర్రవల్లి నీళ్లమీదుగాను పోవును. ఇంట కుళాయి త్రిప్పువాడు మోటారు లేకయే అట్లు పోవును.

మరియు ఆ మూసీ ఒడ్డున ఉన్నవారి మాటయో? 2024 సెప్టెంబరులో నది గర్భములోని ఇండ్ల గోడలమీద అధికారులు ఎఱ్ఱరంగుతో గుర్తులు వేసిరి. కొందరిని రెండు పడక గదుల ఇండ్లకు మార్చిరి. కొన్ని ఇండ్లు కూల్చిరి. నది ఒడ్డున కాపురము ప్రమాదమన్నది నిజమే. 2025 సెప్టెంబరు చివర మూసీ పొంగినప్పుడు మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికే నీరు వచ్చెను. అయినను గోడమీద గుర్తు పడిన రాత్రి ఆ ఇంటివారు ఎట్లు నిద్రించిరో ఎర్రవల్లివానికి చెప్పనక్కరలేదు.

ఇక్కడ మరియొక సంగతి మమ్మును తగ్గించినది. ఆ పెద్దాయన కూడ ఆనాడు వంతెనమీదనే ఉండిరి. ఆయన మనుమడు విమానమెక్కెను. ఆయన కంటికి చికిత్స నగరములో దొరకవలెను. ఊరు కోల్పోయినవాడును మరియొకరి ఇంటిమీదుగా ప్రయాణము చేయుచున్నాడు. కనుక లోకములో పైవారు కొందరు, క్రిందివారు కొందరు అని గీత గీయుట సాధ్యము కాదు. ప్రతివాడును ఎవరో ఒకరి మీదుగా పోవుచున్నాడు. ప్రతివాని మీదుగాను ఎవరో ఒకరు పోవుచున్నారు. భేదమేమనగా, ఆయన అడిగెను, మేము అడుగలేదు. తన ఊరు మునిగిన దుఃఖము ఆయనను చేదుపరచక, ఇతరులను గూర్చి అడుగువానిగా చేసెను.

అట్లయిన మనము చేయవలసినదేమి? వంతెన దిగి నిత్యము క్రిందనే నడువుడని మేము చెప్పము. ఊరక సిగ్గుపడుచు కూర్చుండుటవలన ఎవరికిని మేలు లేదు. సమరయుడు ఏమి చేసెనో చూతము. అతడు ప్రయాణము మానుకొనలేదు; మరునాడు తన పనిమీద పోయెను. కాని పోవునప్పుడు పూటకూళ్లవానికి రెండు దేనారము లిచ్చెను. మత్తయి 20వ అధ్యాయము ప్రకారము దేనారము ఒక దినపు కూలి. కావున రెండు దినముల కష్టార్జితము. అంతతో ఋణము తీరెననుకొనక, ఇంకేమైన ఖర్చయిన యెడల నేను మరల వచ్చినప్పుడు తీర్చెదనని చెప్పెను. యాజకునికిని అతనికిని గల భేదము ఆ నిలిచిన ఘడియ మాత్రమే కాదు. మరల వచ్చెదనన్న మాట కూడ. పరిహారము ఒక దినమున ఇచ్చి ముగింతురు. పొరుగువాడు మరల వచ్చి అడుగును: నీ ఖర్చు ఇంకెంతయైనది?

కావున మనము పోవు దారుల క్రింది ఊళ్ల పేరులు తెలిసికొందము. మన పిల్లలకు చెప్పుదము. ముంపు కాలనీలలో నున్నవారి యొద్దకు ప్రారంభోత్సవమునాడు కాక, పదేండ్ల తరువాతకూడ పోదము. వారి వ్యాజ్యములు నడుచుచుండగా అది వారి గొడవయని అనకుందము. మన మేలుకొరకు ఎక్కడనైన గోడమీద గుర్తు పడినప్పుడు, పడకముందే మాటలాడుదము.

ఆనాడు ఆసుపత్రిలో పెద్దాయన కంటిలో చుక్కలు వేసిరి. శుక్లము ముదిరినది, ఆపరేషనునకు మరల రమ్మనిరి. బయటికి వచ్చిన పిమ్మట ఆయన, “ఒక్కసారి కిందికెళ్లి పోదాం బిడ్డా” అనిరి. మా ఇంటిదారి అటు కాదు. అయినను మోటారు త్రిప్పి, వంతెన క్రింది దారిన అత్తాపూరు పోయితిమి. పైన కొన్ని నిమిషములలో దాటిన దూరమునకు చాలసేపు పట్టెను. అక్కడివారు తమ విలాసము చెప్పునప్పుడు స్తంభము సంఖ్య చెప్పుదురు. దుకాణముల పలకలమీద కూడ ఆ సంఖ్యయే వ్రాసియుండును. నెత్తిమీది స్తంభమును వారు తమ గుర్తుగా చేసికొనిరి. అట్టి ఒక స్తంభము నెదుట చాయ దుకాణములో కూర్చుంటిమి. పైన మోటారుల మ్రోత ఎడతెగక వినబడుచుండెను.

చాయ పోయువాడు పెద్దాయనను, “ఏ ఊరు తాతా మీది?” అనెను.

“ఎర్రవల్లి” అనిరి.

“అదెక్కడ?”

“మల్లన్నసాగరుల.”

అతడు కొంచెము ఆగి, గ్లాసు ఆయన చేతికిచ్చి, “మాది గుడ మూసీ ఒడ్డే తాతా. గోడకు గుర్తు వడ్డది” అనెను. చుక్కలు వేసిన కండ్లకు ఏదియు స్పష్టముగా కానరాదు. అయినను పెద్దాయన అతని ముఖమువైపు చాలసేపు చూచిరి. తరువాత, మీ పిల్లలెందరు, ఏ బడికి పోతరు, ఎక్కడికి పంపుతామన్నరు అని ఒక్కొక్కటిగా అడిగిరి. మేము వినుచుంటిమి.

ఆపరేషనుకొరకు మరల పోవలెను. అప్పుడును ఆ దుకాణమునకు పోయి వచ్చెదము. మేము మీదుగా పోవువారమేగాని, అడుగకుండ పోవువారముగా ఉండకుండునట్లు దేవుడు మాకు సహాయము చేయును గాక.